మూడు గదులకు ఒకటే వైరు

మా ఇంట్లో రిమోట్లలో వేసే బ్యాటరీల మీద నేను తేదీ రాస్తాను. బాల్‌పెన్నుతో, చిన్న అక్షరాలతో. తొక్కు జాడీ మూత మీద, గ్యాసు సిలిండరు మెడ మీద కూడా రాస్తాను. మా ఆయనకు ఇది వేళాకోళం. "నా మీద గూడ రాయరాదే, ఎన్నడు పట్టుకొచ్చుకున్నవో యాదికుంటది," అంటాడు. అలా అన్నా, తన రిమోటు మొరాయించిన రోజు ముందుగా బ్యాటరీ తీసి తేదీనే చూస్తాడు. కాబట్టి ఆ శనివారం జరిగినదానికి బ్యాటరీలు కారణం కాదని మొదటే చెప్పేస్తాను. అవి ఆ వారమే వేసినవి. వచ్చిన చిక్కంతా వైరు వేసిన పద్ధతితో వచ్చింది.

మేముండేది బొగ్గుబావుల కాలనీలో, కొడుకు పేరున ఉన్న క్వార్టరులో. ముందు గది, నడిమి గది, వెనక మేము వేసుకున్న రేకుల గది. మూడూ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. మా ఆయన బావిలో షాట్ ఫైరరుగా చేసి దిగిపోయాడు. బొగ్గులో రంధ్రాలు పొడిచి మందు నింపాక, వైర్లు కలిపి పేల్చే పని అది. ఆ పని ఆయన చెవులను తినేసింది. ఆయన వార్తలు పెడితే మా వరసలో చివరి క్వార్టరుకు కూడా వార్తలే.

ఆయన ఉద్యోగం చేసిన రోజుల్లో షిఫ్టు అయిపోయినా ఇంటికి రాని పూటలు ఉండేవి. అన్నం పెట్టుకుని ఎదురు చూసేదాన్ని. వచ్చాక, "మిస్‌ఫైర్ ఉండె. ఎనుక షిఫ్టాయనకు చెప్పి వచ్చిన," అనేవాడు. మందు నింపిన రంధ్రం పేలకుండా మిగిలిపోతే దాన్ని మిస్‌ఫైర్ అంటారు. తర్వాతి షిఫ్టువాళ్లు తెలియక అక్కడ డ్రిల్లు పెడితే ప్రాణాలు పోతాయి. అందుకే ఎవరు పేల్చారో వాళ్లే ఆగి, వచ్చే మనిషి ముఖం చూసి నోటితో చెప్పాలి. ఇంకొకరిని పంపితే కుదరదు. విన్నవాడు తాను విన్నది తిరిగి చెప్పాలి. అప్పుడే ఇంటి దారి పట్టాలి.

కొడుకు ఇప్పుడు అదే బావిలో పైకప్పుకు బోల్టులు బిగించే పని చేస్తాడు. ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండోది, ఒక వారం రాత్రి. రాత్రి షిఫ్టు వారంలో పగలు పడుకోవాలి, ముందు గదిలో టీవీ మోగుతుంటే నడిమి గదిలో కన్ను మూతపడదు. లేచేసరికి చూడాలనుకున్నవన్నీ అయిపోయి ఉంటాయి. కోడలికీ నాకూ సీరియళ్లు ఉన్నాయి, లేవని అనను. మనవరాలికి కబడ్డీ. ఐదుగురు మనుషులం ఒక్క టీవీ ముందు ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాం.

కంపెనీ లాభాల వాటా పడిన వారంలో కాలనీ అంతా కొత్త టీవీలు దిగుతాయి. ఒక ఏడు మా ఇంట్లోనూ రెండు దిగాయి. వాటితోపాటు కార్యక్రమాలను రికార్డు చేసిపెట్టే డబ్బాలు రెండు. ముందు గదిలో అప్పటికే అలాంటి పాత డబ్బా ఒకటి ఉంది. దాని నిండా మా ఆయన పాత సినిమాలు. ఒక్కటీ చెరపనివ్వడు, కాబట్టి అందులో కొత్తది ఏదీ పట్టదు. కొత్తవి నడిమి గదికీ రేకుల గదికీ.

డిష్ బిగించే అతను నడివయసు మనిషి. స్లాబు ఎక్కి ఛత్రిని చూసి దిగి వచ్చి, "కాకా, ఒక్కో గదికి ఒక్కో వైరు గుంజాలె. ఛత్రి ముందల ఉండే కన్ను మార్చి నాలుగు నోర్లది పెడత. ఏ గది వైరు ఆ గదికే," అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. ఆయన చెవి దగ్గర వంగి అదే మాట గట్టిగా చెప్పాను.

"మూడు వైర్లెందుకు? ఒకటే వైరు. ముందు గది డబ్బాలకెళ్లి నడిమి గదికి, ఆడికెళ్లి రేకుల గదికి. సీరీసు," అన్నాడు మా ఆయన.

"సీరీసు వద్దు కాకా, తిప్పలయితది."

"నా నౌకరంత సీరీసే కలిపిన. అన్ని రంధ్రాలకు ఒకటే సర్క్యూటు. పేలితే అన్ని పేలాలె, లేకుంటే ఒక్కటి గూడ పేలద్దు. గదే సేఫ్టీ. దేనికి దానికి వైరు పెడితే ఏది పేలిందో ఏది మిగిలిందో ఎవనికెరుక?"

"కాకా, ఇది మందు గాదు, టీవీ."

"వైరు వైరే," అన్నాడు మా ఆయన.

స్లాబుకు కొత్తగా రంధ్రాలు పొడిస్తే వానకు కారుతుందని ఇంకో కారణం కూడా చూపించాడు. అతను ఆయనతో పెట్టుకోలేక నా వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వన్న యాదికి పెట్టుకో. ఛత్రి కన్ను రెండు తీర్ల చూస్తది. కొన్ని చానెళ్లు నిలువుగ వస్తయి, కొన్ని అడ్డంగ. ఎట్ల చూడాల్నో దానికి ముందు గది డబ్బనే చెప్తది. కాక అడ్డం చానెల్ పెట్టిండనుకో, ఎనుక గదులల్ల నిలువు చానెళ్లు బంద్."

"రికార్డు పెట్టి ఉంటే?" అని అడిగాను.

"రికార్డు గూడ బంద్. సిగ్నల్ లేదని రాసుకుంట కూసుంటది."

"ముందు గది డబ్బాను తీసేస్తే?"

"తీసేస్తే ఆడికే తెగిపాయె. మొత్తానికే రాదు."

వైర్లు మా ఆయనే కలిపాడు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, చాకుతో పొట్టు గీకి, మెలి తిప్పి, టేపు చుట్టాడు. డిష్ అతను గడప మీద కూర్చుని చాయ్ తాగుతూ చూశాడు. "కాక ముడి వేస్తే తెగేది గాదు, గంత వరకు ఖరారు," అన్నాడు. అది నిజమే. ఆ ముడులు ఎన్నడూ ఊడలేదు.

తర్వాతి రోజుల్లో నేను ఒక్కో చానెలూ పెట్టి చూశాను. ముందు గదిలో వార్తలుంటే వెనక మా సీరియల్ వచ్చేది. ఆయన పాత సినిమాలకు మారితే మాయం. పిలిస్తే ఆయనకు వినిపించదు. రేకుల గదిలోంచి మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడి చేతులు ఊపేది. "బాపమ్మా, తాత మంచం మీద కూసున్న కలెక్టరు. ఆయన సంతకం లేంది మన ఇంట్ల బొమ్మ గూడ కదలది," అనేది. ఆయనకు ఆ మాట మటుకు వినిపించేది. నవ్వేవాడు, చానెల్ మార్చేవాడు. అలా నడిచిపోయింది. ఆ ఏర్పాటు మీద ఒక మనిషి బతుకు ఆధారపడే రోజు రానంత వరకు నడిచిపోయింది.

మనవరాలికి హైదరాబాదు అవతల ఒక క్రీడల పాఠశాలలో సీటు వచ్చేలా ఉందని వాళ్ల బడి వ్యాయామం సారు చెప్పాడు. అక్కడే ఉండి, అక్కడే చదివి, అక్కడే ఆడాలి. కొడుకు ఒప్పుకోలేదు. వాడిది మూర్ఖత్వం అనలేను. బావిలో పైకప్పు జారి కాళ్లు విరిగినవాళ్లను వాడు భుజాన మోసుకొచ్చాడు. "బావిల ఇరిగితే కంపెనీ దవాఖాన ఉన్నది. ఆటల ఇరిగితే ఎవడు జూస్తడు? ఆడిపిల్ల, కుంటుకుంట ఇంట్ల కూసుంటదా?" అన్నాడు.

"నువ్వు నా ఆట ఒక్కటి గూడ చూడలే బాపు. చూడకుండనే ఎట్ల చెప్తవ్?" అంది పిల్ల.

కొడుకు టోపీ తీసి మేకుకు తగిలించాడు. తర్వాత, "సరే. చూస్త. చూసినంకనే చెప్త," అన్నాడు.

వాడు మాట అంటే మాటే. చూస్తే గాని ఔననడు, చూడకపోతే కాదనే అర్థం. ఆ శనివారం మధ్యాహ్నం రాష్ట్రస్థాయి కబడ్డీలో మా పిల్ల జట్టు ఫైనలు ఆడుతోంది. ఎక్కడో దూరపు జిల్లాలో. ఒక తెలుగు చానెల్ దాన్ని నేరుగా చూపిస్తుందన్నారు. సారుకు ఆదివారం పొద్దున్నే జవాబు కావాలి, లేకపోతే సీటు ఇంకొక పిల్లకు. కొడుకుది ఆ వారం మొదటి షిఫ్టు. నడుము నొప్పితో ఆ ఏడాది చాలా మస్టర్లు, అంటే హాజరు రోజులు, పోగొట్టుకున్నాడు, ఇక ఒక్కరోజు కూడా మానే వీలు లేదు. ఆట ఫోన్లో దొరుకుతుందేమోనని అడిగించాను. ఆ చానెల్ వాళ్లు ఫోన్లో పెట్టరట, మళ్లీ వెయ్యరట. మిగిలింది రికార్డు ఒక్కటే.

కోడలు పిల్లకు తోడుగా వెళ్లింది. ఇంట్లో మా ముసలివాళ్లిద్దరం.

తెల్లవారుజామున నేను చద్దర్ మడత పెడుతుంటే కొడుకు గుమ్మం దగ్గర ఆగాడు. టోపీ చేతిలో ఉంది. "అవ్వా, నడిమి గదిల పెట్టు. నాలుగింటికల్ల ఇంట్ల ఉంట," అన్నాడు. రెండడుగులు వేసి మళ్లీ ఆగి, "మర్శిపోకు," అన్నాడు. నేను మర్చిపోయే మనిషిని కాదని వాడికి తెలుసు. తెలిసీ అన్నాడంటే వాడికీ గుండె దడగా ఉన్నట్టే.

నడిమి గదిలోనూ రేకుల గదిలోనూ రికార్డు పెట్టాను. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని నా ఆలోచన. ఒకే వైరు మీద ఉన్న రెండు డబ్బాలు ఒకదానికొకటి ఎలా ఆసరా అవుతాయని మీరు అడగవచ్చు. నేను ఆరోజు ఆ ప్రశ్న వేసుకోలేదు.

మా ఆయన స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రేకుల గది నుంచి మొదలుపెట్టి ప్రతి ముడినీ వేళ్లతో తడుముతూ ముందు గదికి వచ్చాడు. ముందు గది టీవీలో ఆ చానెలే పెట్టాడు. వెనక రెండు గదుల్లో అదే బొమ్మ వచ్చిందా అని నన్ను పంపి చూపించాడు. వచ్చింది. అప్పుడు రిమోటును చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

"అది ఈడ పెట్టరాదు?" అన్నాను.

"పేల్చే పెట్టె తాళం షాట్ ఫైరరు జేబుల్నే ఉండాలె. తాళం ఆడ పెట్టి పోయినోని తోటోళ్లు బతికి బయటికి రాలే," అన్నాడు.

ఆయన భయానికి కారణం ఉంది. అంతకుముందు వారం మేము ఇలాగే ఒక ఆట రికార్డు చేసి చూద్దామనుకుంటే, ఎదురు వరస పెద్దమనిషి వచ్చి కూర్చుని, "జెర క్రికెట్ పెట్టన్నా," అని తనే మార్చేశాడు. వెనక రెండు గదులూ పడుకున్నాయి. అందుకే ఈసారి మనుషులనే రానివ్వనన్నాడు. బావిలో పేల్చే ముందు దారులన్నింటికీ కాపలా పెడతారు. మా ఇంటికి ఆయనే కాపలా. ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని బయటికి పోయి, ముందు తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టి, గేటు దగ్గర వీధి వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. అయిపోయే దాకా నన్ను కదలవద్దన్నాడు.

నేను నడిమి గదిలో టీవీ ముందు కూర్చున్నాను. ఆట మొదలైంది. రికార్డు గుర్తు ఎర్రగా వెలుగుతోంది. జట్లు వంగి నేలను తాకి కళ్లకద్దుకున్నాయి. మొదటి కూతకు మా పిల్లే లేచింది. జడ పైకి ముడి వేసుకుంది. గీత దగ్గర ఒక్క క్షణం ఆగి, నేల చూసి, దాటింది.

అప్పుడే కాలనీ పక్కన, నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని సైరన్ మోగింది. ఆ గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ రోజూ ఉండేదే, కాబట్టి మేమెవరం దాన్ని పట్టించుకోం. నేల అదిరింది. గూట్లో స్టీలు గిన్నెలు మోగాయి. మా మీటరు బోర్డులో ఒక ఫ్యూజు వదులుగా ఉంటుంది. ఆ అదురుకు అది ఒక్క క్షణం వదిలేసి మళ్లీ పట్టుకుంది. మూడు టీవీలూ ఆరిపోయి వెలిగాయి.

డబ్బాలు మొదటి నుంచి మొదలుకావడానికి కొంత సమయం పట్టింది. నడిమి గది తెర మీద నీలం రంగు వచ్చింది, దాని మీద తెల్లటి అక్షరాలు. సిగ్నల్ లేదు.

వెంటనే ఛత్రి కదిలిందేమో అనుకున్నాను. తర్వాత తలుపులోంచి ముందు గది టీవీ కనిపించింది. అందులో బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. ఒక ఆడమనిషి చిరునవ్వు నవ్వుతూ కొత్త ప్యాకేజీల గురించి చెబుతోంది. ఆ పాత డబ్బా ఆరి వెలిగితే ఎప్పుడూ తన కంపెనీ ప్రకటనల చానెల్‌తోనే మొదలవుతుంది. అది అడ్డం చానెల్. మా పిల్ల ఆడుతున్నది నిలువు చానెల్.

ముందు గదిలో ఒక్క మీట నొక్కితే చాలు. ఆ డబ్బాకు మీటలు లేవు, అంతా రిమోటే. కొత్త డబ్బాల రిమోట్లు దాని మీద పనిచెయ్యవు. అయినా రెండూ తెచ్చి నొక్కి చూశాను. ఆడమనిషి నవ్వుతూనే ఉంది. డబ్బా వెనక వైరు పట్టుకున్నాను. లాగితే వెనక గదులకు అసలే రాదన్న మాట గుర్తొచ్చి వదిలేశాను.

కిటికీలోంచి పిలిచాను. ఆయన వీపు కనిపిస్తోంది, తల వెనక నెరిసిన జుట్టు కనిపిస్తోంది. బ్లాస్టింగ్ అదురు ఆయన పాదాలకు తెలిసే ఉంటుంది, బాగానే పేలిందని తల ఊపుకున్నాడు కూడా. నా కేక ఆయన వరకు పోలేదు. ఆయన ఫోను టీవీ పక్కనే ఉంది. పక్క క్వార్టరువాళ్లు ఊళ్లో లేరు. తలుపు లాగాను. గొళ్లెం బయట ఉంది.

వెనక తలుపు తీసుకుని బయటపడ్డాను. మా వరసలో క్వార్టర్లన్నీ గోడకు గోడ ఆనించి ఉంటాయి. వెనక నుంచి ముందుకు రావాలంటే వరస చివరి దాకా నడిచి, తిరిగి, వీధంతా మళ్లీ నడిచి రావాలి. నా మోకాలి సంగతి చెప్పను. మురుగు మోరీ పక్కన బండల మీద, ఆరేసిన చీరల కింద నుంచి గోడ పట్టుకుని నడిచాను. ఒకావిడ తన వాకిట్లోంచి, "ఏంది పెద్దమ్మా, ఎటు ఉరుకుతున్నవ్? పెద్దనాయిన మంచిగనే ఉన్నడా?" అంది. జవాబు చెప్పే ఊపిరి లేదు. లోపల తెర మీద నీలం రంగు అలాగే ఉంటుంది, అక్కడెక్కడో మా పిల్ల కూత పెడుతూ ఉంటుంది, ఇదే నా తలలో తిరుగుతోంది.

వీధి మలుపు తిరిగాను. మా ఆయన నన్ను చూసి, కుర్చీలోంచి లేవకుండానే అరచెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆగు. ఎందుకొచ్చినవ్? ఎవ్వరు తిరుగద్దని చెప్పిన్నా లేదా?"

"బొమ్మ పోయింది."

"ఏంది?"

"బొమ్మ పోయిందయ్యా. ముందు గది వేరే చానెల్‌కు పోయింది."

"ఎట్ల పోతది? తాళం నా జేబుల ఉన్నది," అని జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయనకు అప్పుడు అర్థమైంది. లేచాడు, కుర్చీ పడిపోయింది. గొళ్లెం తీసి లోపలికి ఉరికాడు.

ఆయన చానెల్ మార్చాడు. నేను నడిమి గదికి వెళ్లేసరికి నీలం రంగు పోయి బొమ్మ వచ్చింది. జట్లు ముఖాలు తుడుచుకుంటూ నీళ్లు తాగుతున్నాయి. మొదటి సగం అయిపోయింది. అంతకుముందు పడిన ముక్క కరెంటుతోపాటే పోయింది, నేను మళ్లీ రికార్డు నొక్కాను. ఆయన రేకుల గదికి పోయి అక్కడా నొక్కాడు. ఇక కూర్చోలేదు. గోడ వెంట పోయే వైరు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

కోడలు ఫోను చేసింది. "అత్తమ్మా, పడుతాందా? ఎంత మంచిగ ఆడింది. మొదటి సగమంత మన పిల్లదే అత్తమ్మా. ఆయన చూస్తే ఇగ కాదనడు," అంది. వెనక నుంచి జనం గోల.

"ఇప్పుడు పడుతాంది," అన్నాను. అంతకన్నా ఏం చెప్పను.

రెండో సగంలో మా పిల్ల మొదటి కూతకే ఔటైంది. ఔటైన పిల్ల పక్కన బెంచీ మీద కూర్చోవాలి. తన జట్టు అవతలివాళ్లను ఔట్ చేస్తే వరస ప్రకారం ఒక్కొక్కరుగా లేచి రావాలి. మా పిల్ల కూర్చునే ఉంది. నాకు టీవీలో ఆట కనిపించలేదు. బెంచీ చివర దాని మోకాళ్లు మాత్రమే కనిపించాయి. చివరలో లేచి వచ్చింది. అవతలి పిల్ల కాలు ఒకటి పట్టుకుంది, అంత పెద్ద పిల్ల ఈడ్చుకుపోతున్నా వదల్లేదు. అయినా జట్టు కొద్దిలో ఓడింది.

ముందు గదిలో మా ఆయన టీవీ ఆపేసి కూర్చున్నాడు. నేను అన్నం పెట్టుకోమన్నాను. వద్దన్నాడు. "పిల్ల ఆట ఎట్లున్నది?" అన్నాడు. "కూసున్నది," అన్నాను.

కొడుకు నాలుగు కాకముందే వచ్చాడు. రోజూ వెనక నల్లా దగ్గర స్నానం చేసి గాని లోపలికి రాడు. ఆరోజు కాళ్లు మాత్రం కడుక్కుని, కనుబొమ్మల్లో బొగ్గుతోనే నడిమి గదిలో నేల మీద కూర్చున్నాడు. "పెట్టు అవ్వా," అన్నాడు.

నేను రిమోటు అందుకునేలోపు మా ఆయన వచ్చి వాడి ఎదురుగా నిలబడ్డాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు.

"సర్క్యూటు నాది," అన్నాడు. "మిస్‌ఫైర్ అయ్యింది. ఫ్యూజు ఊడి మొదటి సగం పడలే. ఎనుక సగం పడ్డది. మీ అవ్వ తప్పేం లేదు. తాళం నా దగ్గరుండె."

వాడు తండ్రి ముఖం చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. వాడు బావి మనిషి. ఆ మాటలు ఏ రకం మాటలో, వాటికి ఏం చెప్పాలో వాడికి తెలుసు. లేచి నిలబడ్డాడు.

"విన్న బాపు. మిస్‌ఫైర్. మొదటి సగం లేదు, ఎనుక సగం ఉన్నది," అని గట్టిగా, ఆయనకు వినిపించేలా తిరిగి చెప్పాడు.

మా ఆయన తల ఊపి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పెట్టాను. వాడు చూశాడు. పిల్ల ఔటైంది, బెంచీ మీద కూర్చుంది. "దెబ్బ తాకిందా?" అన్నాడు. లేదని, ఆట పద్ధతే అంతని చెప్పాను. చివర కాలు పట్టుకున్నప్పుడు వాడి భుజం కొద్దిగా కదిలింది. అయిపోయింది. తెర నల్లబడింది.

"ఇంతేనా?" అన్నాడు.

"మొదటి కూత మొదలయ్యేది చూసిన," అన్నాను. "గీత దాటింది. గంతే చూసిన. మొదటి సగమంత మంచిగ ఆడిందని నీ భార్య చెప్పింది."

"చెప్తే ఎట్ల అవ్వా. నేను చూస్తనన్న. చూసింది ఇది," అన్నాడు. వాడి గొంతులో విసుగు లేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది. మనసులో కాదనేసుకున్న మనిషి అంత మెత్తగా మాట్లాడతాడు.

ఫోను మోగింది. కోడలి నంబరు, మాట్లాడేది పిల్ల. "బాపమ్మా, బాపు చూసిండా? ఏమన్నడు?" ఏడ్చి ఆపిన గొంతు. నేను ఫోను కొడుకు చేతిలో పెట్టాను. మా ఆయనకు వినిపించాలని వాడు స్పీకరు పెట్టాడు.

"సగమే చూసిన బిడ్డా. ఫ్యూజు ఊడి మొదటిది పడలే."

"మొదటిదే మంచిగ ఆడిన బాపు," అంది.

"చెప్పు మరి."

"ఏం చెప్పాలె?"

"మొదటి కూతకు పోయినవట. గీత దాటే వరకు మీ బాపమ్మ చూసింది. ఆడికెళ్లి చెప్పు."

మా ఇంట్లో ఆ పిల్లను ఆట గురించి చెప్పమని వాళ్ల నాన్న అడగడం నేను ఎన్నడూ వినలేదు. పిల్ల ముందు తడబడింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఎడమ మూలన పొడుగు పిల్ల ఉందట, దాని చెయ్యి పడితే వదలదట. అందుకని కుడి వైపు పోయినట్టు పోయి, కాలు చాపి, మధ్యలో పిల్లను తాకి వచ్చిందట. రెండో కూతకు ముగ్గురు చుట్టుకున్నారట.

"ఆగు," అన్నాడు కొడుకు. "ముగ్గురు చుట్టుకుంటే ఎట్ల బయటపడ్డవ్? లోపలికి పోయినంక దారి ఎతికినవా?"

"లేదు బాపు. పోంగనే ముందు ఎనుకకు వచ్చే దారి చూసుకుంట. చూసుకున్నంకనే చెయ్యి పెడత. దారి లేకపోతే ముట్టకుండనే వచ్చేస్త. సారు తిడుతడు గని, నేను గట్లనే ఆడుత."

మా ఆయన కొడుకు వైపు చూశాడు. బావిలో దిగిన ప్రతి మనిషికి మొదటిరోజు చెప్పే మాట అది. బొగ్గు ముట్టుకునే ముందు, పైకప్పు చూడు, వెనక్కి వచ్చే దారి చూడు. పిల్లకు ఆ మాట ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఈ ఇంట్లో అన్నం తింటూ, మనుషుల మాటలు వింటూ పెరిగింది కదా.

"ఇంక?" అన్నాడు కొడుకు.

పిల్ల చెబుతూ పోయింది. మధ్యలో నవ్వింది. వాడు ప్రశ్నలు వేస్తూనే ఉన్నాడు. ఎక్కడ నిలబడ్డవు, ఎవరు నీ పక్కన, ఆ పొడుగు పిల్ల ఎన్నిసార్లు దొరికింది. వాడి ముఖం మీద బొగ్గు ఆరిపోయి బూడిద రంగుకు వచ్చింది. నేను చాయ్ తెచ్చి పెట్టాను, అది చల్లారిపోయింది. మొదటి సగం మొత్తం అయ్యాక, "మోకాలు మంచిగనే ఉన్నదా?" అన్నాడు.

"మంచిగనే ఉన్నది బాపు."

"రేపు పొద్దుగాల సారుకు నేనే ఫోన్ చేస్త. పంపుతున్నమని చెప్త. ఆడ జేరినంక ఆట పెట్టిన రోజు నాకు ముందుగాల చెప్పాలె. వచ్చి చూస్త. ఈ డబ్బాలతోని గాదు."

అవతల పిల్ల ఏం అందో వినిపించలేదు, ఫోను కోడలు లాక్కున్నట్టుంది. కొడుకు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు.

ఆదివారం పొద్దున్నే మా ఆయనే డిష్ అతనికి కబురు పెట్టాడు. మూడు వైర్లు, మూడు రంధ్రాలు. "ఏంది కాకా, సీరీసు వద్దా?" అని అతను అడిగితే, "నీ పని నువ్వు చెయ్యి," అన్నాడు. ఫ్యూజు కూడా మార్పించాడు. స్లాబు రంధ్రాల చుట్టూ సిమెంటు తనే మెత్తాడు. ఆ వానాకాలం ఒకచోట కారింది. ఆయన దాన్ని నాకు చూపించి మరీ తృప్తి పడ్డాడు.

నడిమి గది డబ్బాలో ఆ సగం ఆట ఇంకా ఉంది. కొడుకు దాన్ని చెరపనివ్వడు. చుట్టాలెవరైనా వస్తే పెడతాడు. పెట్టే ముందు మొదటి సగం తనే చెబుతాడు, గది మధ్యలో నిలబడి, కాలు చాపి, చెయ్యి తిప్పి, చూసినవాడిలాగే. ప్రతిసారీ పిల్లకు ఒక పాయింటు ఎక్కువ వేస్తాడు. నేను పొయ్యి దగ్గర నుంచి దిద్దుతాను.